చదవకుండా మూసేసిన రిక్వెస్ట్

ద్వారకానాథ్ అంకుల్ గ్యారేజీలో తయారైన ఇంజనీర్లంటే నాకు ఒళ్ళు మంట. అప్పుడూ మంటే, ఇప్పుడూ మంటే. ఈ కథలో తప్పు నాది. అది దాచను, చెప్తాను. కానీ ముందు ఆ గ్యారేజీని నాలుగు మాటలు అననిదే నాకు నోరు ఆగదు.

బ్రిస్బేన్‌లో సన్నీబ్యాంక్ షాపింగ్ సెంటర్‌కి రెండు వీధుల అవతల ఆయన ఇల్లు. ప్రతి ఆదివారం మధ్యాహ్నం రెండు కార్లూ రోడ్డు మీద పెట్టేసి, గ్యారేజీలో తెల్లటి ప్లాస్టిక్ కుర్చీలు వేసి, గోడకు ఒక బోర్డు ఆనించి, మాస్టర్స్ చదివే తెలుగు పిల్లలకు కెరీర్ గైడెన్స్ ఇస్తాడు. ఏదో ఆఫీసులో పన్నెండేళ్ళుగా కాంట్రాక్టర్. అక్కడ ఏం చేస్తారంకుల్ అని అడిగితే 'క్లౌడ్' అంటాడు. ఇంకాస్త అడిగితే 'ఎండ్ టు ఎండ్ క్లౌడ్' అంటాడు. ఇరవై మంది పిల్లలు నోట్‌బుక్కులు పట్టుకుని ఆ ముక్క రాసుకుంటారు. మధ్యలో ఆంటీ సమోసాలు పట్టుకొస్తుంది. సమోసాలు బాగుంటాయి, ఆ మాట ఒప్పుకోవాలి.

ఆ ఏడు అంకుల్‌కి ఓపెన్ సోర్స్ పిచ్చి పట్టింది. ఎవరైనా చూడగలిగే, ఎవరైనా చెయ్యివేయగలిగే సాఫ్ట్‌వేర్ కదా, అందులో మన పిల్లలు చెయ్యి వేస్తే రెజ్యూమెలో రాసుకోవచ్చని ఆయన ఆలోచన. ఆలోచన వరకూ బాగానే ఉంది. చెయ్యి ఎక్కడ వేయాలన్నదే గొడవ. ఏ సాఫ్ట్‌వేరూ ఒంటరిగా నిలబడదు. ఎవరెవరో రాసిపెట్టిన లైబ్రరీలు పాతికో యాభయ్యో తెచ్చుకుని వాటి ఆధారంతో నడుస్తుంది. వాటినే డిపెండెన్సీలంటారు. ఏ లైబ్రరీ ఎన్నో వెర్షనో ఒక ఫైల్లో జాబితాగా ఉంటుంది. కొత్త వెర్షన్ వచ్చినప్పుడు ఆ నంబరు మార్చాలి, మార్చాక మన సాఫ్ట్‌వేర్‌లో ఎక్కడెక్కడ ఏం విరిగిందో వెతికి బాగుచేయాలి. పని అంతా ఆ రెండో సగంలోనే ఉంది. అంకుల్ మొదటి సగం మాత్రమే నేర్పాడు.

నేను ఒక్కసారే వెళ్ళాను. మా షేరింగ్ ఇంట్లో ఉండే డేనీ లాక్కెళ్ళాడు. మాది ఫిరంగిపురం, వాడిది సత్తెనపల్లి, ఇద్దరం ఒకే చర్చికి వెళ్తాం, ఆ మొహమాటంతో పోయాను. అంకుల్ బోర్డు మీద నంబరు కొట్టేసి పక్కన కొత్త నంబరు రాసి, ఇదే కాంట్రిబ్యూషన్ అన్నాడు. నేను లేచాను.

"అంకుల్, నంబర్ మార్చాక టెస్ట్ చేయొద్దా?"

"అమ్మా రాణీ, టెస్టింగ్ వాళ్ళ హెడేక్. మనం ఏదో మార్చినట్టు ప్రొఫైల్‌లో గ్రీన్ గడి పడాలి, అంతే. రిక్రూటర్ చూసేది అదేనమ్మా."

"అది పగిలితే?"

"పగిలితే వాళ్ళే రిజెక్ట్ చేస్తారు కదా. మనదేం పోయింది?"

గ్యారేజీ అంతా నవ్వింది. డేనీగాడు కూడా నవ్వాడు. ఆ పైన అంకుల్ ఒక టెంప్లేట్ పంచాడు. 'రెస్పెక్టెడ్ సర్ ఆర్ మేడమ్, నేను క్లౌడ్ అంటే ప్రాణం పెట్టే ఇంజనీర్‌ని' అని మొదలయ్యే ఆరు లైన్ల ఇంగ్లీషు. మన మార్పు తీసుకోమని సాఫ్ట్‌వేర్ వాళ్ళకు పంపే ప్రతి రిక్వెస్ట్ పైనా అది అతికించి పంపాలట. నేను సమోసా సగంలో వదిలేసి వచ్చేశాను.

నాకెందుకంత పొగరంటే, నేను అప్పటికే నిజంగా అలాంటి పని చేస్తున్నాను. మ్యాగ్‌పై అని ఒక టూల్ ఉండేది. కంప్యూటర్లోని ఫైళ్ళను నొక్కి చిన్నవి చేసి, తాళం వేసి, క్లౌడ్‌లో కాపీ దాచిపెడుతుంది. కావాల్సినప్పుడు తెరిచి ఇస్తుంది. హోబార్ట్‌లో ఉండే హీథర్ అనే ఆవిడ దాన్ని మొదలుపెట్టింది. అరవై దాటిన మనిషి. పొగడదు, తిట్టదు, పని బాగుంటే తీసుకుంటుంది. మొదటి ఏడాదే అందులో చిన్నా చితకా తప్పులు పద్నాలుగు సరిచేశాను. అప్పుడు హీథర్ నాకు ఒక అధికారం ఇచ్చింది. బయటివాళ్ళు పంపే రిక్వెస్టులు పనికిరావనిపిస్తే నేనే మూసేయవచ్చు. రెండే షరతులు పెట్టింది. చివరిదాకా చదవకుండా మూయకూడదు. మూస్తే కింద కారణం రాయాలి.

అబ్బో, అది నాకు బాగా తలకెక్కింది.

నా అవసరం కూడా చిన్నది కాదు. మా యూనిలో వేసవి రీసెర్చ్ ప్లేస్‌మెంట్ ఒకటి ఉంది, నలుగురికే ఇస్తారు. యూని బయట నాతో పనిచేసినవాళ్ళు ఎవరైనా నా గురించి ఉత్తరం రాయాలి. నాకు తెలిసిన బయటి మనిషి హీథర్ ఒక్కతే. మ్యాగ్‌పై కొత్త వెర్షన్ విడుదల, అదే రిలీజ్, సవ్యంగా వెళ్తే రాస్తానంది. ఆ ప్లేస్‌మెంట్ రాకపోతే డిగ్రీ అయ్యాక కూడా ఫుడ్‌కోర్టులో బబుల్ టీ కోసం సగ్గుబియ్యం ఉడకబెడుతూ ఉండాల్సిందే. మా మేనేజర్ మేరీ రాణి అన్న నా పేరులో సగం పట్టుకుని, ఉడికిన సగ్గుబియ్యం ఇంకా తెమ్మని 'మేరీ, మోర్ పెర్ల్స్' అని పిలుస్తుంటే నా చదువంతా ఆ గిన్నెలో పోసినట్టుండేది. నాకు ఆ ఉత్తరం కావాలి. ఇంకేం అక్కర్లేదు.

రిలీజ్‌లో నా వంతు పెద్దదే. ఫైళ్ళను నొక్కి చిన్నవి చేసే లైబ్రరీ ఒకటుంది, దాన్ని రెండో వెర్షన్ నుంచి మూడో వెర్షన్‌కి ఎక్కించాలి. కొత్త వెర్షన్‌లో అన్నీ మార్చేశారు. మా కోడ్‌లో నలభై ఒక్క చోట్ల విరిగింది. పొద్దున క్లాసులు, ఆ పైన సగ్గుబియ్యం, మిగిలిన సమయమంతా ఈ పని. మూడు వారాలు పట్టింది. టెస్టులన్నీ పాసయ్యాయి. ఫైల్ నొక్కడం, దాచడం, మళ్ళీ తెరవడం, అన్నీ పచ్చగా వచ్చాయి. హీథర్ చూసి 'శుభ్రంగా ఉంది' అని రాసింది. ఆమె నోట అంత పెద్ద మాట నేను అంతకు ముందు వినలేదు.

సరిగ్గా ఆగస్టులో, ఆ మూడు వారాల మధ్యలో, అంకుల్ సేన మ్యాగ్‌పై మీద పడింది.

ఒక్క వారంలో పదిహేడు రిక్వెస్టులు. అన్నిటి పైనా 'రెస్పెక్టెడ్ సర్ ఆర్ మేడమ్'. అన్నిటిలోనూ క్లౌడ్ అంటే ప్రాణం పెట్టే ఇంజనీర్లే. ఒకడు కొత్త నంబరు బదులు ఇంకా పాత నంబరు పెట్టాడు. ఇంకొకడు టెంప్లేట్‌లో 'మీ పేరు ఇక్కడ రాయండి' అన్న ముక్కను అలాగే ఉంచాడు. ముగ్గురు ఒకే నంబరును ఒకే రోజు మార్చారు. పరువు తీశారు. హీథర్ ఈ పేర్లు, నా పేరు పక్కపక్కన పెట్టి చూస్తే నన్ను కూడా ఈ గుంపులో కట్టేస్తుందని నాకు భయం. అందుకే అడ్డంగా నరికాను.

కారణం రాయాలి కదా, రాశాను. తెలుగులో రాశాను, ఇంగ్లీషు అక్షరాలతో. మనం వాట్సాప్‌లో రాసుకుంటామే, అలా. హీథర్‌కి ఏదో కారణం ఉన్నట్టు కనపడుతుంది, అర్థం మాత్రం కాదు. అర్థం కావలసినవాళ్ళకు సూటిగా తగులుతుంది. ఎంత తెలివైన దాన్నో అనుకున్నాను. డేనీది మూసేసి, 'గిన్నెలు కడగడం కూడా రానివాడికి క్లౌడ్ ఎందుకురా' అని రాశాను. పేరు రాయని వాడికి 'నీ పేరు నీకే తెలీదు, ఉద్యోగం ఎవరికివ్వాలి' అని రాశాను. ఒక్కొక్కటీ రాస్తుంటే ఎంత హాయిగా ఉండేదో చెప్పలేను.

పన్నెండోదో పదమూడోదో తెరిస్తే కడుపు మండిపోయింది. అది నా లైబ్రరీ! నేను రోజూ కూర్చుంటున్న ఆ లైబ్రరీ నంబరునే రెండు కొట్టేసి మూడు చేసి పంపారు. పైన 'రెస్పెక్టెడ్ సర్ ఆర్ మేడమ్'. పంపినది ఆడో మగో కూడా చూడలేదు, ఏవో నాలుగు అక్షరాల అకౌంట్. టెంప్లేట్ కింద ఇంకా ఏదో పొడుగ్గా ఉంది. చదవలేదు. ఎందుకు చదవాలి? సమోసా బ్యాచ్. మూసేసి కింద ఇలా రాశాను: 'నంబరు మార్చడానికి బుర్ర అక్కర్లేదు నాయనా, వేలుంటే చాలు. నీకున్నది అదొక్కటే. ఇది నీ వల్ల కాదు, వేరే చదువేదైనా చూసుకో.'

రాసి ఒకసారి చదువుకుని నవ్వుకున్నాను కూడా.

సెప్టెంబరు మధ్యలో రిలీజ్ వెళ్ళింది. ప్లేస్‌మెంట్ గడువు అక్టోబరు మొదటి శుక్రవారం. ఉత్తరం చేతికి వచ్చేసినట్టే అనుకుని మా మేనేజర్‌తో రెండుసార్లు గొడవ కూడా పెట్టుకున్నాను.

తొమ్మిది రోజులకు విక్టోరియాలో ఎక్కడో ఒక చిన్న మ్యూజియం నడిపే పెద్దమనిషి నుంచి మెసేజ్ వచ్చింది. కొత్త మ్యాగ్‌పైతో తన పాత కాపీలు తెరుచుకోవడం లేదని. మర్నాటికి అలాంటివి మరో నాలుగు. చూస్తే నిజమే. కొత్త లైబ్రరీకి పాత లైబ్రరీ నొక్కిన ఫైళ్ళు చదవడం రాదు. మా టెస్టులు అప్పటికప్పుడు కాపీ చేసి అప్పటికప్పుడే తెరుస్తాయి, ఏళ్ళ నాటి కాపీని తెరిచి చూడవు. నేనూ చూడలేదు. నలభై ఒక్క చోట్ల బాగుచేసి, అసలు చోటు వదిలేశాను. హీథర్ వెంటనే రిలీజ్‌ను వెనక్కి తీసుకుంది. పాత వెర్షన్ పెట్టుకుంటే అందరి కాపీలూ మళ్ళీ తెరుచుకున్నాయి, ఎవరి ఫైళ్ళూ పోలేదు. బతికాననుకున్నాను.

సోమవారం హీథర్ నుంచి ఒక మెసేజ్ వచ్చింది. కింద ఒక రిక్వెస్ట్ లింకు. ఇదే తప్పును ఆగస్టులోనే ఒకరు పట్టుకున్నారని, దాన్ని మూసింది నేనేనని రాసింది. 'నువ్వు రాసిన కారణం ఇంగ్లీషులో లేదు. అనువాదం చేసే సైటులో పెడితే వేళ్ళు, మెదడు అని ఏదో అర్థంలేనిది వచ్చింది. ఏమని రాశావో నాకు చెప్పు. శుక్రవారం లోపు నీ ఉత్తరం పంపాలి, అంతకు ముందు నాకు ఇది తెలియాలి.'

లింకు తెరిచాను. ఆ రోజు చదవనిది చదివాను. అంకుల్ గారి ఆరు లైన్లు అయ్యాక, ఒక లైను ఖాళీ వదిలి, మామూలు ఇంగ్లీషులో పొందిగ్గా రాసి ఉంది. 'మా అన్నకు నెల్లూరులో ఫొటో స్టూడియో ఉంది. నాలుగేళ్ళుగా పెళ్ళి ఫొటోలు మ్యాగ్‌పైలో దాస్తాడు. ఆ పాత కాపీలు కొత్త లైబ్రరీతో విడిగా తెరిచి చూశాను, తెరుచుకోలేదు. మన టెస్టులు దీన్ని పట్టుకోలేవు, ఎందుకంటే అవి అప్పుడే చేసిన కాపీనే తెరుస్తాయి. ఫైలు పాతదైతే పాత పద్ధతిలో తెరిచేలా పదకొండు లైన్లు చేర్చాను. తప్పుంటే చెప్పగలరు.' ఆ పదకొండు లైన్లు మా కొత్త కోడ్‌లో చేర్చి నడిపి చూశాను. మ్యూజియం పెద్దమనిషి పంపిన కాపీ గబుక్కున తెరుచుకుంది.

నాకు అప్పుడు వచ్చిన మొదటి ఆలోచన క్షమాపణ గురించి కాదు. నిజం చెప్తున్నాను. ఏం అబద్ధం చెప్పాలా అన్నదే. 'పాత కాపీల సంగతి వేరే రిక్వెస్ట్‌గా విడిగా పంపమని రాశాను' అంటే సరిపోతుంది. హీథర్‌కి తెలుగు రాదు. ఆమె అడిగితే అడగగలిగేది ఆ రిక్వెస్ట్ పంపినవాళ్ళనే. వాళ్ళ నోరు కట్టేస్తే చాలు. ఎవరని డేనీని అడిగాను.

"బాను. నెల్లూరమ్మాయి, మీ యూనీనే." వాడు కూర తింటూనే నా వైపు చూశాడు. "నువ్వు మాకందరికీ రాసినవి గ్రూపులో పెట్టుకుని ఒకటే నవ్వుకున్నాంలే. ఆ అమ్మాయి ఒక్కతే నవ్వలా."

మంగళవారం మధ్యాహ్నం యూని లైబ్రరీ బయట బెంచీ మీద దొరికింది. సన్నగా, తలమీద లేతరంగు స్కార్ఫ్, ఒళ్ళో లావుపాటి పుస్తకం. నన్ను చూసి లేచి నిలబడింది.

"బానూ, నేను రాణిని. మ్యాగ్‌పైలో…"

"తెలుసక్కా. మీ ఫొటో ఉంది గదా ఆడ. కూర్చోండి."

కూర్చున్నాను. తప్పు నాదని ఒప్పుకునే ముందు దెప్పకుండా ఉండలేకపోయాను, అదీ నా బుద్ధి.

"ఆ అంకుల్ టెంప్లేట్ పైన ఎందుకు పెట్టావసలు? అది లేకపోతే నేను చదివేదాన్ని కదా!"

"తీసేద్దామనే అనుకున్నానక్కా. ఆయన ప్రతి సండే అందరివీ ఓపెన్ చేసి చూస్తాడు. పెద్దాయన రాసిచ్చింది తీసేస్తే ఏం బాగుంటది? అందుకే దాన్ని అట్టా పైన ఉంచి, నాది కింద రాసుకున్నా. చదివేవాళ్ళు కిందిదాకా చదువుతారులే అనుకున్నా."

నేను మాట మార్చాను. వచ్చిన పని చెప్పేశాను. హీథర్ అడిగిందని, ఉత్తరం శుక్రవారం లోపు కావాలని, నేను ఫలానా విధంగా చెప్తానని, తననెవరైనా అడిగితే తను కూడా అలాగే చెప్పాలని. గుక్క తిప్పుకోకుండా చెప్పాను.

"అట్టానే చెప్తాలే అక్కా. దానికేముంది."

అంత తేలిగ్గా ఒప్పుకుంది. కనీసం మొహం చిట్లించలేదు. నాకు ఎక్కడో గుచ్చుకుంది, అయినా గండం గడిచిందనే అనిపించింది. ఏదో ఒకటి మాట్లాడాలి కదా అని ఒళ్ళో పుస్తకం వైపు చూశాను.

"ఇదేంటి, అకౌంటింగా? మీ కోర్సులో ఇది లేదే."

"కోర్సు మారిపోయానక్కా. సెన్సస్ డేట్‌కి ముందురోజు."

ఇక్కడ చదివినవాళ్ళకు ఆ తేదీ తెలుసు. ఆగస్టు చివర వస్తుంది. అది దాటకముందే సబ్జెక్టు వదిలేస్తే ఫీజు మీద పడదు, దాటితే ఇక అంతే. నేను ఆ కారణం రాసింది ఆగస్టు పంతొమ్మిదిన.

"ఎందుకు మారావు?"

"మీరే చెప్పారు గదక్కా, వేరే చదువు చూసుకోమని."

వెటకారంగా అన్లేదు. అని ఉంటే బాగుండేది, నేనూ ఒక మాట అనేసి ఊరుకునేదాన్ని. పుస్తకంలో వేలు పెట్టుకుని, నేను నిజంగానే సలహా ఇచ్చినట్టు, దాన్ని పాటించినట్టు చెప్పింది.

"మీ పేరు చూసి ముందు సంతోషపడ్డా, తెలుగక్కే చూసిందిలే అని. తర్వాత కింద చదివా. నాయనా అన్నారు, మగపిల్లోడనుకున్నారేమో. చదివే మూసుంటారు, నేనే ఏదో తప్పు చేసుంటా అనుకున్నా. నాలుగు రోజులు మళ్ళీ మళ్ళీ చూసినా తప్పు కనపడలా. తప్పు కూడా కనపడలేదంటే నాకసలు రాదేమో అనుకున్నా. మా ఖలీదన్నకి కూడా ఫోన్ చేసి, కొత్త వెర్షన్ బాగానే ఉంటది, పెట్టుకో, నేనే సరిగ్గా చూడలేదని చెప్పినా." పుస్తకం మూసింది. "పెట్టుకున్నాడు. తెరుచుకోలా. మళ్ళీ పాతది పెట్టుకోమన్నా."

ఛీ, నా బతుకు! గ్యారేజీలో ఇరవైమంది బుర్రల్లేనివాళ్ళని నేను లెక్కేసుకుంటుంటే, అందరిలోకి పనితెలిసినది వాళ్ళ మధ్యలో కూర్చుని పెద్దాయన మనసు నొచ్చుకోకూడదని ఆయన ఆరు లైన్లు మోసింది. చదవడం రానిది నాకు.

"మళ్ళీ మారిపో బానూ," అన్నాను. "వచ్చే సెమ్‌లో మారొచ్చు. నేను వచ్చి ఫారాలన్నీ నింపిస్తా. నీది కరెక్ట్. మూడు వారాలు కూర్చున్న నాకు కనపడనిది నీకు కనపడింది."

"కరెక్టని తెలుసక్కా. మొన్న రిలీజ్ పగిలినప్పుడే తెలిసింది."

"మరింకేం?"

"వద్దులే అక్కా."

"కోపమా నా మీద? తిట్టు, పడతాను."

"కోపం కాదక్కా." మాట కోసం వెతుక్కుంది. "మీరు పదిహేడు మందికీ రాసినవి నేను మొత్తం చదివినా. మీకు పని ఎంత బాగా వచ్చో కూడా చూసినా, ఆ నలభై చోట్లా మీరు మార్చినవి. అంత బాగా వచ్చిన మనిషి అట్టా మాట్లాడతది గదా. నాకూ బాగా వస్తే నేనూ అట్టా అయిపోతానేమోనని భయమేసింది."

అంత మాట అనేసి, తనే నొచ్చుకున్నట్టు, "ఏమనుకోకండక్కా, క్లాసుంది," అని పుస్తకం సంచిలో పెట్టుకుని వెళ్ళిపోయింది. నాలుగడుగులు వేసి వెనక్కి తిరిగి, "హీథర్ మేడమ్ అడిగితే మీరు చెప్పినట్టే చెప్తా, బెంగ పెట్టుకోబాకండి," అంది.

అక్కడే బెంచీ మీద కూర్చుని ల్యాప్‌టాప్ తీశాను. అబద్ధం అప్పటికే టైపు చేసి ఉంచుకున్నాను. చక్కటి ఇంగ్లీషు, ఎక్కడా వంక పెట్టలేం. కొట్టేశాను. నేను రాసిన మూడు వాక్యాలనూ ఇంగ్లీషులోకి మార్చడం మొదలుపెట్టాను. ఐదు నిమిషాల పని, గంట పట్టింది. ఎక్కడికక్కడ మెత్తటి మాట వేద్దామని చెయ్యి అటే పోయేది, మళ్ళీ చెరిపి ఉన్నదున్నట్టు రాసేదాన్ని. చివరిదాకా చదవకుండా మూశానని రాశాను. ఆ పదకొండు లైన్లూ బానువని, ఆమె పేరు మీదే తీసుకోమని రాశాను. ఆ రిక్వెస్ట్ మళ్ళీ తెరిచాను. ఉత్తరం గురించి ఏమీ రాయలేదు. రాస్తే అదొక బేరం అవుతుంది.

సాయంత్రానికి హీథర్ బాను మార్పును తీసుకుంది. మిగతా పదహారిటి కింద ఏం రాశానో అడుగుతుందని మెసేజ్ కోసం చూస్తూ కూర్చున్నాను. అవి అడగలేదు. ఒకే ఒక్క లైను వచ్చింది. నువ్వు రాసినదాన్ని ఆ అమ్మాయి చదివిందా, అని.

చదివిందని రాశాను. శుక్రవారం దాటిపోయింది. ఉత్తరం రాలేదు, నేనూ అడగలేదు.